ఫ్రేజల్ వెర్బ్స్ లిస్టులు బట్టీ పడితే నిలుస్తలేవు, పద్ధతి చెప్పుర్రి

నయీంనగర్ రూం నంబర్ 7
అన్నలు, అక్కలు, సీజీఎల్‌కు (కేంద్ర కొలువుల పరీక్ష), ఐసెట్‌కు (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) చదివేటోళ్లు, చెప్పేటోళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నరు కాబట్టి అడుగుతున్న. ఫ్రేజల్ వెర్బ్స్ (వెర్బ్ పక్కన ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరినవి) అని 500, 700 ఉన్న పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపులల్ల తిరుగుతున్నయ్. పక్కన తెలుగు అర్థం రాసి ఉంటది. చదివినంత సేపే, తెల్లారితే ఖాళీ. చిక్కు రెండు చోట్ల వస్తున్నది. పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్, పుట్ ఆన్, అన్నీ ఒక్కతీరే కనబడతయ్. ఇంకోటి, 'ఇట్' ఎక్కడ పెట్టాలె? 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పంటరు. 'లుక్ ఆఫ్టర్ ఇట్' కరెక్టంటరు. చూడనీకి రెండూ ఒకటే కదా?

కాకతీయ తోరణం
రెండో ప్రశ్నతోనే మొదలుపెడదాం తమ్మీ, అది తేలితే మొదటిది సగం తేలుతది.

వెర్బ్ పక్కన ఉన్న చిన్న మాట రెండు రకాలుగ పనిచేస్తది. కొన్నిసార్లు అది వెర్బ్‌కే అతుక్కొని ఉంటది, దాన్ని పార్టికల్ అంటరు. కొన్నిసార్లు అది తన వెనుక వచ్చే నామవాచకానికి చెందిన ప్రిపొజిషన్. తేడా చూడాలంటే ఈ రెండు వాక్యాలు తీసుకో.

'హీ రాన్ అప్ ద పద్మాక్షి గుట్ట.' గుట్ట మీదికి ఉరికిండు.
'హీ రాన్ అప్ ఎ బిగ్ బిల్.' పెద్ద బిల్లు చేసి పెట్టిండు.

రెండిట్ల 'రాన్ అప్' ఉంది. గుట్ట, బిల్లు తీసేసి 'ఇట్' పెట్టు. గుట్టకైతే 'హీ రాన్ అప్ ఇట్'. బిల్లుకైతే 'హీ రాన్ ఇట్ అప్'. మొదటిదాంట్ల 'అప్ ద గుట్ట' ఒక ముక్క, ఎక్కడికి ఉరికిండో చెప్తది. రెండోదాంట్ల 'రాన్ అప్' ఒక ముక్క, బిల్లు దాని కర్మ. కర్మ సర్వనామమైతే మధ్యలకే రావాలె, చివరికి పోదు. గందుకే 'టర్న్ ఇట్ ఆఫ్', 'పిక్ హిమ్ అప్', 'ఫిల్ ఇట్ ఇన్'. 'లుక్ ఆఫ్టర్'ల మాత్రం 'ఆఫ్టర్' ప్రిపొజిషన్. దాని వెనుకనే కర్మ ఉండాలె, మధ్యల దూర్చొద్దు.

కర్మ పూర్తి నామవాచకమైతే విడదీసేవాటికి రెండు దారులూ చెల్లుతయ్: 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్', 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్'. కర్మ పొడుగ్గా ఉంటే మాత్రం పార్టికల్‌ను వెర్బ్ పక్కనే ఉంచాలె. 'షీ టర్న్‌డ్ డౌన్ ద జాబ్ దట్ ద కంపెనీ ఆఫర్డ్ హర్ లాస్ట్ వీక్' అని రాయాలె. 'డౌన్' తీసుకపోయి 'వీక్' తర్వాత పెడితే చదివేటోనికి ఊపిరాడదు.

ఎనుమాముల యార్డ్
సార్, మరి చూడంగనే ఇది విడిపోతది, ఇది విడిపోదు అని ఎట్ల గుర్తుపట్టాలె?

కాకతీయ తోరణం
రూపం చూసి నూటికి నూరు పాళ్లు చెప్పలేం. 'ఆఫ్టర్', 'ఫర్', 'ఎట్', 'ఇంటు', 'విత్', 'ఫ్రమ్' ఉంటే దాదాపు ఎప్పుడూ ప్రిపొజిషనే, విడదీయొద్దు. 'అవే', 'బ్యాక్' ఉంటే పార్టికల్, కర్మ ఉంటే విడిపోతది. తిప్పలంతా 'అప్', 'డౌన్', 'ఆన్', 'ఆఫ్', 'ఇన్', 'ఓవర్', 'త్రూ'తోనే. అవి రెండు వేషాలూ వేస్తయ్.

వెర్బ్‌కూ ఆ చిన్న మాటకూ మధ్యల ఒక క్రియా విశేషణం పెట్టి చూడుర్రి. 'హీ రాన్ క్విక్లీ అప్ ద గుట్ట' అనొచ్చు. 'హీ రాన్ క్విక్లీ అప్ ద బిల్' అనరాదు. పార్టికల్ వెర్బ్‌ను విడిచి అంత దూరం జరగదు.

ఇంగ్లీష్ నుంచి ఇంగ్లీష్‌కు ఉన్న లెర్నర్స్ డిక్షనరీ దగ్గరుంటే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. కొన్నిట్ల వెర్బ్‌కూ పార్టికల్‌కూ మధ్యల రెండువైపుల మొన ఉన్న బాణం గుర్తు వేస్తరు, అంటే కర్మ ఆ పక్కకూ ఈ పక్కకూ జరుగుతది. కొన్నిట్ల 'సంథింగ్', 'సంబడీ' అనే మాటల పొట్టి రూపాలను మధ్యల వేసి చూపిస్తరు. ఇంగ్లీష్ తెలుగు డిక్షనరీలల్ల ఈ సమాచారం సాధారణంగా దొరకదు. పీడీఎఫ్ లిస్టులల్ల అసలే దొరకదు. గదే వాటితోని ఉన్న పెద్ద లోపం.

మానేరు గట్టు
మొదటి ప్రశ్నకు వస్త. పుట్ అంటే ఏంది, గెట్ అంటే ఏంది అని వెర్బ్ పట్టుకొని ఏలాడితే ఏం తేలదు. అర్థం మోసేది ఎక్కువగ పార్టికల్.

'ఆఫ్' తీసుకోర్రి. దాని మూలం విడిపోవుడు. 'గెట్ ఆఫ్ ద బస్', 'కట్ ఆఫ్ ద కరెంట్', 'టేక్ ఆఫ్ యువర్ షూస్', అన్నిట్ల ఏదో ఒకటి ఇంకోదాన్ని విడిచిపెడుతున్నది. 'సెట్ ఆఫ్ ఫర్ మేడారం' అంటే ఉన్న జాగ విడిచి బయలుదేరుడు. 'పుట్ ఆఫ్ ద మీటింగ్' అంటే అనుకున్న తేదీ నుంచి అవతలికి నెట్టుడు. 'కాల్ ఆఫ్' అంటే రద్దు, మీటింగే లేకుండ పోయింది. పరీక్షల్ల ఆప్షన్లు ఇచ్చేటప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెడతరు, యాది పెట్టుకోర్రి.

'అవుట్'కు బయటికి వచ్చుడు మూలం. లోపలున్న సంగతి బయటపడ్డదా, 'ఫైండ్ అవుట్', 'పాయింట్ అవుట్', 'టర్న్ అవుట్'. లోపల ఏం మిగలలేదా, 'రన్ అవుట్', 'సెల్ అవుట్', 'వేర్ అవుట్'. చేతిల ఉన్నది పదిమందికి పోయిందా, 'హ్యాండ్ అవుట్', 'గివ్ అవుట్'. మంట ఆరిపోయిందా, 'పుట్ అవుట్'.

'అప్' పైకి, పెరుగుడు, దగ్గరికి వచ్చుడు, ఇంకా ముఖ్యంగ పూర్తయ్యేదాక చేసుడు. 'ఈట్ అప్', 'యూజ్ అప్', 'ఫిల్ అప్ ద ట్యాంక్'. 'డౌన్' తగ్గుడు, ఆగుడు, కాయితం మీద పెట్టుడు: 'మిర్చి ప్రైసెస్ హావ్ కమ్ డౌన్', 'ద బస్ బ్రోక్ డౌన్ నియర్ జనగామ', 'నోట్ డౌన్ ద నంబర్'. 'ఆన్' ఆపకుండ సాగుడు. 'ఓవర్' ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవుడు, లేకుంటే మళ్లొకసారి పరిశీలించుడు: 'టేక్ ఓవర్', 'గో ఓవర్ ద నోట్స్'.

కాజీపేట జంక్షన్
మానేరు అన్నా, మంచిగనే చెప్పినవ్ గని దీన్ని మొదటి రోజే పిల్లల నెత్తిన పెడితే దెబ్బతింటరు. 'ఆఫ్' అంటే విడిపోవుడు అని పట్టుకున్నోడు 'ద అలారం వెంట్ ఆఫ్' చూసి అలారం బంద్ అయిందనుకుంటడు. అది మోగింది. అదే 'ద లైట్స్ వెంట్ ఆఫ్' అంటే లైట్లు పోయినయ్. 'ద మిల్క్ వెంట్ ఆఫ్' అంటే పాలు చెడిపోయినయ్. ఒక్క 'గో ఆఫ్'కే మూడు దిక్కులు.

పార్టికల్ కుటుంబాలు అర్థాన్ని ఊహించనీకి కాదు, తెలిసిన అర్థాన్ని జ్ఞాపకం పెట్టుకోనీకి పనికొస్తయ్. ముందు వాక్యంల చూడాలె, అర్థం తెలుసుకోవాలె, ఆ తర్వాత కుటుంబంల చేర్చాలె.

ఎన్ని నేర్చుకోవాలె అనేదానికి కూడా లెక్క ఉంది. గార్డ్‌నర్, డేవీస్ అనే ఇద్దరు 2007ల 10 కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను (వాడుకల ఉన్న ఇంగ్లీష్ పాఠాల సేకరణ) జల్లెడ పట్టిండ్రు. గో, కమ్, టేక్, గెట్, సెట్, క్యారీ, టర్న్, బ్రింగ్ లాంటి 20 వెర్బ్‌లు, 8 పార్టికల్స్ కలిసి అందుల ఉన్న మొత్తం ఫ్రేజల్ వెర్బ్ వాడకంల సగం కన్నా ఎక్కువ మోస్తున్నయని తేలింది. తరువాత 2015ల గార్నియర్, ష్మిట్ 150 ఫ్రేజల్ వెర్బ్‌లను ఏరి, వాటికి ఎక్కువగ వాడే అర్థాలు 288 మాత్రమే ఇచ్చిండ్రు. అంటే ఒక్కోదానికి సగటున రెండు. 700ల పీడీఎఫ్ అవతల పెట్టి ఈ 150 పట్టుకుంటే చాలు. గో ఆన్, క్యారీ అవుట్, సెట్ అప్, పిక్ అప్, గో బ్యాక్, కమ్ బ్యాక్, పాయింట్ అవుట్, ఫైండ్ అవుట్ లాంటివి అన్నిటికన్నా పైన ఉంటయ్. గమ్మతేందంటే పీడీఎఫ్‌లల్ల వీటిని 'అందరికీ తెలిసినవే' అని వదిలేసి ఎన్నడూ వినని వాటిని నింపుతరు.

మానేరు గట్టు
'ముందు వాక్యం' అన్నదానికి ఒప్పుకుంట. అయితే ఒకే వెర్బ్ కింద 'గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ అవే' అని పది వరుసగ రాసి చదివే పద్ధతికన్నా పార్టికల్ వరుస మేలు. వెర్బ్ వరుసల అన్నీ ఒక్కతీరే మొదలైతయ్, ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుంటది. రూం నంబర్ 7 తమ్ముడు చెప్పిన పుట్ గందరగోళం గక్కడిదే.

కాజీపేట జంక్షన్
దానికన్నా మేలు సందర్భం వరుస. ప్రయాణం అంటే ప్రయాణం మాటలే. 'సెట్ ఆఫ్', 'గెట్ ఆన్', 'ద ట్రైన్ పుల్‌డ్ ఇన్', 'పుల్‌డ్ అవుట్', 'సీ హర్ ఆఫ్ ఎట్ ద స్టేషన్', 'పిక్ హిమ్ అప్', 'డ్రాప్ మి ఆఫ్ ఎట్ హన్మకొండ బస్‌స్టాండ్'. ఏడు మాటలు ఒకే రైలు ప్రయాణంల ఇమిడిపోతయ్, ఒకదాని మీద ఒకటి ఎక్కవు.

గోదావరిఖని షిఫ్ట్
తెలుగుల ఇసొంటివి లేవు గందుకే కష్టం అనే మాట తరచు వినబడతది. లేకేం? 'చూసుడు' వేరు, 'చూసుకునుడు' వేరు. 'ముసలవ్వను చూసిన' అంటే కండ్లతోని. 'ముసలవ్వను చూసుకుంటున్న' అంటే బాగోగులు. లుక్, లుక్ ఆఫ్టర్ గంతే కదా. 'కనిపెట్టుడు'ల 'పెట్టు'కు, 'చేపట్టుడు'ల 'పట్టు'కు విడిగ అర్థం చెప్పి కలిపితే రాదు. 'తిను', 'తినేయ్' మధ్య తేడా 'ఈట్', 'ఈట్ అప్' తేడానే. కాకపోతే మనదాంట్ల కర్మ మధ్యల దూరదు. వరుస విషయంల మాత్రం తెలుగు సాయపడదు, ఇంగ్లీష్ పద్ధతినే నోటికి అలవాటు చేయాలె.

సిరిసిల్ల మగ్గం
'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' కరెక్టా? ఆఫీస్ మెయిల్స్‌ల మస్తు కనబడతది.

కాకతీయ తోరణం
తప్పు. 'మీటింగ్ యూ' రావాలె. ఆ 'టు' ప్రిపొజిషన్, ఇన్ఫినిటివ్‌ది ('టు గో' లాంటిదాంట్ల ఉండే 'టు') కాదు. అనుమానమొస్తే 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడుర్రి. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' నిలబడ్డది, అంటే అక్కడ నామవాచకం పట్టే జాగ ఉంది, వెర్బ్ వస్తే 'ఇంగ్' తగిలించాలె. 'గెట్ యూజ్డ్ టు', 'గెట్ రౌండ్ టు' ఇదే దారి. అట్లనే 'గివ్ అప్ స్మోకింగ్', 'పుట్ ఆఫ్ గోయింగ్'. 'పుట్ ఆఫ్ టు గో' అని ఎర్రర్ స్పాటింగ్‌ల ఇస్తరు.

ఒకటే జాగ్రత్త, 'గో ఆన్'. 'షీ వెంట్ ఆన్ టాకింగ్' అంటే మాట్లాడుడు ఆపలేదు. 'షీ వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ ద బడ్జెట్' అంటే ఒకటి ముగించి బడ్జెట్ ముచ్చటకు వచ్చింది. రెండూ కరెక్టే, అర్థం వేరు.

మూడు మాటల వాటిల్ల, అంటే 'పుట్ అప్ విత్', 'కమ్ అప్ విత్', 'రన్ అవుట్ ఆఫ్', సర్వనామం ఎప్పుడూ చివరికే. 'టేక్ ఇట్ అవుట్ ఆన్ మి' లాంటివి కొన్ని మధ్యల కూడా కర్మ పట్టుకుంటయ్, వాటిని వాక్యంగనే నేర్చుకోవాలె.

సుబేదారి సైన్‌బోర్డ్
మన దగ్గర చెల్లుబాటయ్యి బయట చెల్లని కొన్ని ఉన్నయ్. ఇంటర్వ్యూలకు పోయేటోళ్లు చూసుకోర్రి.

'కోప్ అప్ విత్' అనేది లేదు, 'కోప్ విత్' మాత్రమే. 'కీప్ అప్ విత్'తో కలిసిపోయి పుట్టిన మాట అది. 'రిటర్న్ బ్యాక్' అక్కర్లేదు, 'రిటర్న్'లనే 'బ్యాక్' ఉంది. 'డిస్కస్ అబౌట్' కూడా అంతే, 'అబౌట్' ఎక్కువైంది.

'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అని రెజ్యూమెల రాస్తే బయటి దేశపోడు సొమ్మసిల్లి పడిపోయినవనుకుంటడు. మిలిటరీ శిక్షణ ముగిసినప్పుడు మాత్రం 'పాసింగ్ అవుట్ పరేడ్' అంటరు. చదువుకు 'గ్రాడ్యుయేటెడ్' అని రాయుర్రి.

'ఆఫ్ ద ఫ్యాన్', 'ఆన్ ద లైట్' అనేవి మన 'ఆఫ్ చేయి, ఆన్ చేయి' నుంచి వచ్చినయ్. 'ఆఫ్' ఒక్కటే వెర్బ్ కాదు, ముందర 'టర్న్' గని 'స్విచ్' గని ఉండాలె.

ఫారం నింపుటకు బ్రిటన్‌ల 'ఫిల్ ఇన్', అమెరికాల 'ఫిల్ అవుట్'. మన దగ్గర 'ఫిల్ అప్ ద ఫారం' ఎక్కువ. పరీక్షల్ల ఆప్షన్ల 'ఇన్' ఉంటే అదే పెట్టుర్రి.

బస్సు దిగుడు 'గెట్ ఆఫ్', కారు, ఆటో దిగుడు 'గెట్ అవుట్ ఆఫ్'. లోపల నిలబడి నడవగలిగే బండికి 'ఆన్, ఆఫ్', వంగి కూసునేదానికి 'ఇన్, అవుట్ ఆఫ్'. సైకిల్, బైక్ మీదికెక్కుతం కాబట్టి వాటికీ 'ఆన్, ఆఫ్'. 'గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్' మన దగ్గర అందరికీ అర్థమైతది, బయట వింతగ వినబడతది.

ఎనుమాముల యార్డ్
'వి రాన్ అవుట్ పెట్రోల్' అంటె?

సుబేదారి సైన్‌బోర్డ్
చెల్లదు. అయిపోయిన వస్తువు ముందర ఉంటే 'ఆఫ్' (of, ఇది పైన చెప్పిన off కాదు) అక్కర్లేదు: 'ద పెట్రోల్ రాన్ అవుట్'. మనిషి ముందర ఉంటే 'ఆఫ్' తప్పనిసరి: 'వి రాన్ అవుట్ ఆఫ్ పెట్రోల్'. క్రికెట్‌ల 'రన్ అవుట్' ఇంకో ముచ్చట, అక్కడ అది కర్మ పట్టే వెర్బ్, 'హీ వాజ్ రన్ అవుట్' అని పాసివ్ చేస్తం.

మాట వచ్చింది కాబట్టి, పాసివ్‌ల పార్టికల్‌ను మింగేసుడు పెద్ద రోగం. 'ద మీటింగ్ వాజ్ కాల్డ్ ఆఫ్', 'ద ఓల్డ్ మ్యాన్ ఈజ్ లుక్డ్ ఆఫ్టర్ బై హిజ్ డాటర్'. 'ఆఫ్టర్', 'బై' రెండూ పక్కపక్కన రావుడు చూసి ఒకటి కొట్టేస్తరు. కొట్టేయొద్దు, రెండూ ఉండాలె.

భద్రకాళి బండ్
వినుడు గురించి ఎవ్వరూ చెప్పలేదు. రాసేటప్పుడు మూడు మాటలు, వినేటప్పుడు ఒకటే మాట. 'టర్నిటాఫ్', 'పికిటప్', 'ఫిలిటిన్'. అమెరికా నోట్ల 'పుట్ ఇట్ ఆఫ్' దాదాపు 'పుడిడాఫ్' లెక్క వినబడతది. గీ రూపం చెవికి ఎక్కకపోతే కాల్ సెంటర్ ఇంటర్వ్యూల చేతులెత్తేసుడే.

ఊనిక కూడా ముఖ్యం. 'టర్న్ ఇట్ ఆఫ్'ల గట్టిగ పలకాల్సింది 'ఆఫ్'. 'లుక్ ఎట్ ఇట్'ల గట్టిగ పలకాల్సింది 'లుక్'. పార్టికల్ మీద బరువు పడతది, ఒక్క అక్షరం (సిలబుల్) ప్రిపొజిషన్ మీద మామూలుగ పడదు. 'ఆఫ్టర్' లాంటి రెండక్షరాల ప్రిపొజిషన్లకు ఈ సూత్రం సరిగ్గ పనిచేయదు, వాటి మీద కూడా బరువు పడతది. మనోళ్లు మూడు మాటలకూ సమానంగ బరువిస్తరు, అందుకే కరెక్టు వాక్యం కూడా ఎదుటోనికి తట్టదు.

నయీంనగర్ రూం నంబర్ 7
అందరికీ థాంక్స్. నోట్‌బుక్ ఎట్ల పెట్టాల్నో కూడా ఒకరు చెప్తే మొదలుపెడత.

కాజీపేట జంక్షన్
చిన్న కార్డులు కోసుకో. ముందు పక్క ఒక ఖాళీ ఉన్న వాక్యం, నీకు తెలిసిన ఊరు, తెలిసిన పని పెట్టి. ఒకటి రాసి చూపిస్త.

ముందు: 'ద ఎగ్జామ్ వాజ్ ఆన్ ద టెన్త్. బికాజ్ ఆఫ్ ద రెయిన్స్ దే ____ ఇట్ ____ టు ద ట్వెంటీయెత్.'
వెనుక: 'పుట్, ఆఫ్. పుట్ ఇట్ ఆఫ్. వాయిదా. పుట్ ఆఫ్ ప్లస్ ఇంగ్. రద్దు కాదు, రద్దు అంటే కాల్ ఆఫ్.'

ఖాళీలు రెండు పెట్టిన చూడు, మధ్యల 'ఇట్' ఉంచిన. విడిపోయేవాటికి అన్నిటికీ ఇట్లనే. విడిపోనివాటికి ఖాళీలు రెండూ పక్కపక్కనే పెట్టి వెనుక 'హిమ్' రాయి: 'షీ ____ ____ హిమ్ వెన్ హీ వాజ్ ఇల్.' కార్డు ఆకారమే రూలు చెప్తది, రూలు వేరే చదివే పని లేదు. తెలుగు అర్థం వెనుక పక్క ఒక్క మాటే ఉండాలె, ముందు పక్క అసలే ఉండొద్దు.

రోజుకు 5 మించొద్దు. మరునాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు తిరగేయి. తప్పినదాన్ని మళ్లా మొదటి రోజు కట్టల వెయ్యి. రోజుకు 5 అంటే, ఒక్కోదానికి ఒక్క కార్డు లెక్కన, 150 నెల రోజుల పని, ఇంకో మూడు వారాలు ఒట్టి తిరగేసుడు. ఒకే రోజు 'పుట్ ఆఫ్', 'పుట్ అవుట్' రెండు కార్డులు చేయొద్దు, నడుమ కనీసం వారం ఎడం ఉంచు.

ఒక మాటకు రెండు అర్థాలుంటే రెండు కార్డులు. 'టర్న్ డౌన్' సౌండ్ తగ్గించుటకు ఒకటి, ఆఫర్ వద్దనుటకు ఒకటి. 'మేక్ అప్' కట్టుకథకు ఒకటి, 'మేక్ అప్ ఫర్' నష్టం పూడ్చుటకు ఒకటి. ఒకే కార్డుల ఇరికిస్తే మొదటి అర్థమే గుర్తుంటది.

జగిత్యాల మామిడి
ఆఖరికి ఒక డౌట్. 'లాగిన్' కలిపి రాయాల్నా, విడదీసి రాయాల్నా? రెండూ కనబడతయ్.

కాకతీయ తోరణం
పని అయితే విడదీయాలె, పేరైతే కలపాలె. 'ప్లీజ్ లాగ్ ఇన్' రెండు మాటలు. 'మై లాగిన్ ఈజ్ నాట్ వర్కింగ్' ఒకటే మాట. 'సెట్ అప్ ద ప్రింటర్', కానీ 'ద సెటప్ ఈజ్ రెడీ'. 'బ్యాక్ అప్ యువర్ ఫైల్స్', కానీ 'టేక్ ఎ బ్యాకప్'. 'బ్రేక్ డౌన్', 'టేక్ ఆఫ్', 'చెక్ అవుట్' కూడా ఇంతే. పలికేటప్పుడు పేరుకు మొదటి భాగం మీద, పనికి రెండో భాగం మీద బరువు పడతది. విడదీయాల్నా లేదా అని అనుమానమొస్తే భూతకాలంలకు మార్చి చూడుర్రి: 'ఐ లాగ్డ్ ఇన్' అంటం, 'ఐ లాగిన్డ్' అనం.

జగిత్యాల మామిడి
'ఐ లాగిన్డ్' అని టికెట్లల్ల రోజూ రాస్తరు మా ఆఫీస్‌ల. ఈ లింకు గ్రూపుల వేస్త.